చూపు పెరగలేదని చుక్కలు మానవద్దు



మా సంఘములో ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ప్రార్థన విన్నపములు వ్రాసుకొనే అలవాటు ఉంది. మోకాళ్ళ నొప్పులు, అప్పులు, పిల్లల చదువులు, పెండ్లి సంబంధాలు ఎప్పుడూ ఉండేవే. ఈ మధ్య వాటితోపాటు కండ్ల సంగతి ఎక్కువగా వస్తున్నది. ఒక పెద్దమనిషి అడిగిన ప్రశ్న ఇది: "అయ్యగారూ, కండ్లల్ల ప్రెషర్ ఉన్నదన్నరు. చుక్కల మందు రాసిచ్చిన్రు. ఆర్నెల్ల సంది ఏస్తున్న. చూపు ఇంతన్న పెర్గలే. ఇంకెందుకు ఎయ్యాలె?"

న్యాయమైన ప్రశ్నే. జ్వరానికి బిళ్ళ వేసుకుంటే జ్వరం తగ్గుతుంది. ఆకలికి అన్నం తింటే ఆకలి తీరుతుంది. ఆరు నెలలు మందు వాడినా ఏమీ మారలేదంటే ఆ మందు మీద నమ్మకం ఎలా నిలుస్తుంది? నేను డాక్టరును కాను, వేదాంత విద్యలో డిప్లొమా మాత్రమే చదివినవాణ్ణి. కానీ 2018 నుండి మా అమ్మ కండ్లలో రోజూ చుక్కలు వేస్తున్నాను. డాక్టర్లు చెప్పినది వింటున్నాను, అర్థం కానిది మళ్ళీ అడుగుతున్నాను. ఆ విధంగా తెలిసిన సంగతులు పెద్దపల్లి చుట్టుపక్కల కుటుంబాలకు పనికివస్తాయని వ్రాస్తున్నాను.

మా అమ్మ బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. ఆ సంవత్సరం ప్రభుత్వం కంటి వెలుగు శిబిరాలు పెట్టినప్పుడు, ఆకు కత్తిరించడానికి అద్దాలు కావాలని వెళ్ళింది. అక్కడివారు పరీక్ష చేసి, పెద్దాసుపత్రిలో చూపించుకొమ్మని చీటి ఇచ్చారు. "నాకేమైంది, అంత మంచిగనే కనవడుతున్నది" అన్నది అమ్మ. ఆసుపత్రిలో కొలిస్తే కంటి ఒత్తిడి కుడి కంట్లో 30, ఎడమ కంట్లో 28 ఉంది. సాధారణంగా ఇది 10 నుండి 21 మధ్య ఉంటుంది. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "మీ తోబుట్టువులలో ఎవరికైనా చూపు పోయిందా?" అని. మా పెద్దమ్మకు పోయింది. ధర్మారం దగ్గర పల్లెలో ఆమె అరవై ఏళ్ళకే గోడ పట్టుకొని నడిచేది. వయసు మీద పడింది అనుకున్నారు అందరూ. అది వయసు కాదని మాకు ఆ రోజు తెలిసింది.

ఆ జబ్బును నీటికాసులు అంటారు, ఇంగ్లీషులో గ్లకోమా. కంటి లోపల ఒక నీరు ఊరుతూ ఉంటుంది, ఒక సన్నని జల్లెడ గుండా బయటికి పోతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు, వేరే నీరు. పోయే దారి బిగుసుకుంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది. కంటి వెనుక నుండి మెదడుకు వెళ్ళే నరములో పది లక్షలకు పైగా సన్నని పోగులు ఉంటాయి. ఒత్తిడికి ఆ పోగులు కొన్ని కొన్నిగా చచ్చిపోతాయి. మొదట పక్కల చూపు పోతుంది. ఎదుటి చూపు చివరిదాకా ఉంటుంది కాబట్టి మనిషికి తెలియదు. నొప్పి ఉండదు. శుక్లం అయితే ఆపరేషన్ చేసి కొత్త లెన్సు పెట్టగానే చూపు వస్తుంది. నీటికాసులలో పోయిన చూపు ఏ ఆపరేషన్ తోనూ తిరిగి రాదు. ఈ రెంటికీ ఉన్న తేడా తెలియక ఎంతోమంది "పువ్వు ముదరనీ, అప్పుడు కోయించుకుందాం" అని ఇంట్లో కూర్చుంటున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 1996 నుండి 2000 వరకు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు అప్పటి మన ఉమ్మడి రాష్ట్రములో పెద్ద సర్వే చేశారు. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, మహబూబ్‌నగర్ తోపాటు మన పక్కనున్న ఆదిలాబాదు జిల్లాలో కూడా పదివేల మందికి పైగా కండ్లు పరీక్షించారు. ఒక్క హైదరాబాదు నగరంలోనే, నొప్పి లేకుండా వచ్చే ఈ రకం నీటికాసులు 27 మందిలో బయటపడ్డాయి. వారిలో తమకు జబ్బు ఉన్నదని ముందే తెలిసినవారు ఇద్దరే. వీధి వీధికి ఆసుపత్రులున్న పట్నంలోనే అలా ఉంటే మన పల్లెల మాట చెప్పేదేముంది? మరొక విశేషం, ఆ 27 మందిలో మూడింట రెండు వంతుల మందికి పరీక్ష చేసిన రోజున ఒత్తిడి 22 కంటే తక్కువే ఉంది. అందుచేత ఒత్తిడి ఒక్కటి కొలిస్తే చాలదు. వెనుక నరాన్ని చూడాలి, పక్కల చూపు కొలవాలి. కండ్లద్దాల దుకాణంలో నంబరు చూస్తే ఇది తెలిసే జబ్బు కాదు.

ఇప్పుడు ఆ పెద్దమనిషి ప్రశ్నకు వస్తాను. చుక్కల మందు చూపును పెంచడానికి ఇచ్చినది కానే కాదు. ఒత్తిడి తగ్గించి, ఉన్న పోగులు చావకుండా కాపాడటానికి ఇచ్చినది. చేనుకు వేసిన కంచె పంటను పెంచదు. పశువులు పడి మేసిన రోజున కంచె విలువ తెలుస్తుంది. అమెరికాలో 1,636 మందితో ఒక పరిశోధన జరిగింది. వాళ్ళందరికీ ఒత్తిడి ఎక్కువే, నరము మాత్రం ఇంకా దెబ్బతినలేదు. కొందరికి చుక్కలు వేశారు, కొందరిని ఊరికే గమనించారు. 2002లో ఫలితం ప్రకటించారు. ఐదేండ్లలో చుక్కలు లేనివారిలో నూటికి 9.5 మందికి జబ్బు మొదలైంది, చుక్కలు వేసుకున్నవారిలో 4.4 మందికే. సగానికి పైగా తగ్గిందన్నమాట. ఏమీ జరగకపోవడమే ఈ మందు చేసే మేలు. అది కంటికి కనపడని మేలు గనుకనే మానేయడం అంత తేలిక.

మంథని వైపు పల్లెలో ఒక సహోదరి అలాగే మానేసింది. ఎక్కడో జరిగిన కూటములకు వెళ్ళి వచ్చింది. విశ్వాసము ఉంటే మందెందుకు అని ఎవరో అన్నారట. సీసా పారవేసింది. కండ్లు మంటలేదు, నీరు కారలేదు, చూపులో తేడా తెలియలేదు, కాబట్టి బాగయ్యాననుకున్నది. ఏడాదిన్నర తరువాత నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఎడమ పక్క నుండి మంచినీళ్ళు అందిస్తే ఆమెకు గ్లాసు కనపడలేదు. ఆ కంటిలో ఇక మిగిలినది కొంచెమే. ఆ మాట అన్నవారెవరో నాకు తెలియదు. కానీ అట్లా చెప్పే ప్రసంగీకుడు తన కండ్లజోడు తీసి వాక్యము చదువగలడా అని అడగాలనిపిస్తుంది. మా సంఘములో నేను స్పష్టంగానే చెబుతున్నాను: ప్రార్థన చేయించుకోండి, సీసా దగ్గర పెట్టుకోండి. ప్రార్థన నూనె తలకు రాసుకోండి గాని కంట్లో పోయవద్దు. ఒక తాతగారు లవొదికయ సంఘమునకు వ్రాసిన లేఖలో కాటుక సంగతి ఉన్నది గదా అని నాతో వాదించాడు. అక్కడ చెప్పిన గుడ్డితనం వేరు తాతా, అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. మరుసటి వారం ఆసుపత్రికి వెళ్ళాడు.

చుక్క వేసే పద్ధతి గురించి కొంచెం వివరంగా వ్రాస్తాను, ఎందుకంటే చాలా ఇండ్లలో సగం మందు చెంపల మీదికే పోతున్నది. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అమ్మను మంచం మీద వెల్లకిలా పడుకోబెడతాను. కూర్చొని వేసుకొనేవారు తల బాగా వెనక్కి వంచాలి. కింది రెప్పను వేలితో మెల్లగా కిందికి లాగితే చిన్న సంచివలె ఏర్పడుతుంది. పైకప్పు వైపు చూడమని చెప్పి ఆ సంచిలో ఒక చుక్క వేయాలి. ఒకటి చాలు. సీసా నుండి పడే ఒక్క చుక్కే కన్ను పట్టగలిగినంత కంటే ఎక్కువ. రెండు మూడు వేస్తే మిగిలినది కారిపోతుంది, నెలకు సరిపోవలసిన సీసా రెండు వారాలకే అయిపోతుంది. సీసా మొన కంటికి గాని, రెప్పకు గాని, వేలికి గాని తగలకూడదు. తగిలితే సూక్ష్మక్రిములు సీసాలోకి వెళతాయి.

చుక్క పడిన తరువాత కన్ను మెల్లగా మూసుకోవాలి. గట్టిగా పిండకూడదు, టపటప కొట్టకూడదు. ముక్కు పక్కన, కంటి లోపలి మూలను వేలితో రెండు నిమిషాలు ఒత్తి పట్టాలి. ఈ మాట చాలామందికి ఎవరూ చెప్పరు. ఆ మూలలో కన్నీరు ముక్కులోకి పోయే సన్నని దారి ఉంటుంది. దానిని ఒత్తి పట్టకపోతే మందు ముక్కులోకి, గొంతులోకి దిగి రక్తములో కలుస్తుంది. చుక్క వేసుకోగానే గొంతు చేదెక్కింది అంటారు కొందరు, కారణం ఇదే. రెండో రకం మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగి వేయాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఒక పూట మరచిపోతే గుర్తు వచ్చినప్పుడు వేయాలి గాని, తరువాతి పూట రెండు రెట్లు వేయకూడదు.

అమ్మకు చదువు రాదు. ఆమెకు రెండు సీసాలున్నాయి, చూడటానికి ఒకే తీరు. రెండు పూటలా వేసేదానికి ఎర్ర దారం కట్టాము, రాత్రి మాత్రమే వేసేదానికి ఏమీ కట్టలేదు. మూత తీసిన రోజు తారీఖు నా కూతురు సీసా మీద పెన్నుతో వ్రాస్తుంది. సాధారణంగా మూత తీసిన నాలుగు వారాల తరువాత, మందు మిగిలినా పారవేయాలి. చెవి చుక్కల సీసా, అతికించే జిగురు సీసా కూడా ఇంతే ఉంటాయి. వాటిని కంటి మందు ఉన్న గూట్లో పెట్టనే పెట్టవద్దు.

ఎండల సంగతి ఒకటి. రామగుండం పక్కన ఉండి ఎండాకాలం గురించి మీకు నేను చెప్పాలా? లాటనోప్రోస్ట్ అనే రాత్రి చుక్కల మందును చాలా కంపెనీల సీసాలలో మూత తీయకముందు ఫ్రిజ్ లో ఉంచాలి, తీసిన తరువాత 25 డిగ్రీలు దాటని చోట ఉంచాలి. మేలో మన రేకుల ఇండ్లలో అది కుదిరే పని కాదు. ఫ్రిజ్ లేదని డాక్టరుతో సిగ్గుపడకుండా చెప్పండి. ఫ్రిజ్ అవసరం లేని మందులు కూడా ఉన్నాయి. చల్లని సీసాతో ఒక లాభమున్నది, చుక్క కంట్లో పడినదీ లేనిదీ ముసలివారికి చల్లదనాన్ని బట్టి తెలుస్తుంది.

అన్నింటికంటే భయపడవలసినది ఒకరి సీసా మరొకరు వాడటం. టిమోలాల్ అనే మందు 1978లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. అంతకు ముందున్న పైలోకార్పిన్ రోజుకు నాలుగుసార్లు వేసుకోవలసి వచ్చేది, చూపు మసకబారేది. టిమోలాల్ వచ్చి చాలామందికి మేలు చేసింది, నేటికీ చవకైన మందు అదే. కానీ దమ్ము ఉన్నవారికి అది ప్రమాదం. కంట్లో వేసిన చుక్కే ఊపిరితిత్తుల గొట్టాలను బిగించగలదు, గుండె వేగాన్ని తగ్గించగలదు. మా మేనమామ పక్కింటివారి సీసా తెచ్చుకొని, ఇద్దరిదీ ఒకే జబ్బు గదా అని వేసుకున్నాడు. ఆయనకు ముప్పై ఏండ్లుగా దమ్ము. ఆ రాత్రి ఊపిరి అందక, ఆటోలో తీసుకువెళ్ళి ఆక్సిజన్ పెట్టించవలసి వచ్చింది. దమ్ము, గుండె జబ్బు, బీపీ బిళ్ళలు, గర్భము, పాలిచ్చే బిడ్డ, ఏది ఉన్నా కంటి డాక్టరుకు ముందే చెప్పాలి. కంటి డాక్టరుకు ఊపిరి సంగతి ఎందుకని అనుకోవద్దు. బీపీ బిళ్ళ వేసుకుంటున్నాను గనుక కంటి ప్రెషర్ కూడా తగ్గుతుందని మరికొందరు అనుకుంటారు. రెండూ వేరు.

ఇక మెడికల్ షాపులో అడిగి తెచ్చుకొనే చుక్కలు. వరి కోతలప్పుడు, రైసుమిల్లుల దగ్గర కంట్లో ఊక పడుతుంది, ఆకు గీసుకుంటుంది. ఎర్రబడిన కంటికి షాపతను ఇచ్చే సీసాలో స్టెరాయిడ్ ఉండవచ్చు. వేయగానే ఎరుపు, దురద తగ్గుతాయి, హాయిగా ఉంటుంది. వారాల తరబడి వేసుకుంటే కొందరికి ఆ మందే కంటి ఒత్తిడిని పెంచుతుంది. గాయములో బూజు క్రిమి ఉంటే స్టెరాయిడ్ దానికి ఎరువు వేసినట్లే. దురద కండ్ల పిల్లలకు పాత చీటి పట్టుకొని ఏడాది పొడవునా అదే సీసా కొంటున్న తల్లిదండ్రులున్నారు. వారు ఆ సీసాతో సహా పిల్లవాణ్ణి ఒకసారి కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి. ఆకు పసరు, తల్లిపాలు కంట్లో పిండే అలవాటు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

చుక్కలతో కన్ను కొంచెం ఎర్రబడటం, మండటం ఉంటుంది. కొన్ని మందులతో రెప్పవెంట్రుకలు పొడుగవుతాయి. మా అమ్మవి చూసి మనవరాండ్లు అసూయపడుతున్నారు. ఇబ్బంది ఎక్కువైతే మందు మార్చమని అడగవచ్చు, మనంతట మనం ఆపకూడదు. ఉన్నట్టుండి కంట్లో విపరీతమైన నొప్పి, తలపోటు, వాంతులు వచ్చి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనపడితే మాత్రం తెల్లవారేదాకా ఆగవద్దు, ఆ గంటలోనే ఆసుపత్రికి బయలుదేరాలి.

అమ్మ కంటి ఒత్తిడి మొన్నటి పరీక్షలో రెండు కండ్లకూ 16 ఉంది. పక్కల చూపు 2018లో ఎంత ఉన్నదో దాదాపు అంతే ఉంది. బియ్యంలో రాళ్ళు ఏరుతుంది, మనుమడి ముఖం చూసి ఎవరి పోలికో చెబుతుంది. వచ్చే నెల మళ్ళీ పరీక్ష. ఈసారి మేనమామ కూడా వస్తానన్నాడు. ఆయన వాడే దమ్ము మందుల చీటి, అమ్మ పాత రిపోర్టులు, రెండు సీసాలు ఒకే సంచిలో పెట్టి ఉంచాము.