వెనకున్నవి అంటే ఏవి?

డిసెంబరు 31 రాత్రి మాదాపూర్, కొండాపూర్ వైపు చర్చిల్లో తరచుగా వినిపించే వాక్యం ఒకటుంది. పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, మూడో అధ్యాయం. వెనకున్నవి మర్చిపోయి ముందున్న వాటికోసం పరుగెత్తడం గురించి. మన సాఫ్ట్‌వేర్ జనానికి ఇది బాగా ఎక్కుతుంది. తక్కువ రేటింగిచ్చిన మేనేజరు, చేజారిన ఆన్‌సైటు, పోయిన ఉద్యోగం... అన్నీ మర్చిపో, ముందుకి పద! పన్నెండు దాటాక కేకు ముక్క తిని, వాగ్దానం కార్డు జేబులో పెట్టుకుని ఇంటికి.

ఊరట కావాల్సిన వాళ్ళకి అది ఊరటే, కాదనను. కానీ ఆ వాక్యానికి పైనున్న పది లైన్లు ఎవరూ ఎందుకు చదవరా అని నాకో అనుమానం. అక్కడ పౌలు తన గతాన్ని ఒక్కొక్కటిగా లెక్కేసి చెప్తాడు. ఎనిమిదో రోజున సున్నతి, ఇశ్రాయేలు వంశం, బెన్యామీను గోత్రం (అవును, మన తెలుగు బైబిల్లో ఉన్న మాట సాక్షాత్తూ గోత్రమే), ధర్మశాస్త్రం విషయంలో పరిసయ్యుడు. తర్వాత అచ్చం అకౌంట్సు భాషలో, లాభం అనుకున్నవన్నీ నష్టం కింద రాసేసుకున్నానంటాడు. అంటే ఆయన ముందుగా వదిలేసింది దెబ్బల్ని కాదు, బిరుదుల్ని. సంఘాన్ని హింసించిన సంగతి కూడా ఆ జాబితాలోనే ఉంది. దాన్నీ దాచలేదు, గలతీయులకి రాసినప్పుడు మళ్ళీ చెప్పాడు. లాగ్స్ తుడిచేసి సర్వర్ రీస్టార్ట్ చేస్తే బగ్ పోదని మనకి తెలిసిందేగా!

ఇదంతా నాకెందుకంటే, మావాళ్ళది ఒంగోలు దగ్గర. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. మా తాతగారి తాత ఆ గుంపులో ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు, కాగితమేమీ లేదు. అంతకుముందు కరువు రోజుల్లో, తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. జనం కరువు పనిలో బకింగ్‌హామ్ కాలువ తవ్వుతూ ఆగారు. ఇంకా ముందు, ఆయన ఒంగోలు వచ్చిన కొత్తల్లో, పైకులాల వాళ్ళు అడిగారట: మాదిగల్ని చేర్చుకోకపోతే మేమొస్తామని. ఆయన ఒప్పుకోలేదు. గోత్రం వదల్లేకపోయింది ఎవరు, అన్నీ వదిలేసి నీళ్ళలోకి దిగింది ఎవరు? ఏటికి ఇవతలా అవతలా చూస్తే తెలిసిపోతుంది.

మరి దిగినవాళ్ళని గతం వదిలిందా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. అందుకే మావాళ్ళ సర్టిఫికెట్లో బీసీ-సి అని ఉంటుంది. ప్రభుత్వం దృష్టిలో మేం ముందుకెళ్ళిపోయాం. ఊరి దృష్టిలో అక్కడే ఉన్నాం. రెండింట్లోనూ నష్టమే!

ఇక హైటెక్ సిటీ సంగతి. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఇక్కడ పనిని బట్టే మనిషి విలువ అనుకున్నవాళ్ళున్నారు. చాలావరకు నిజమే, నా జీతమే సాక్ష్యం. అయినా క్యాంటీన్లో "మీ ఇంటిపేరేంటండీ?" అని మెల్లగా తీగ లాగేవాళ్ళకి కొదవలేదు. వాళ్ళమీద నాకంత కోపం లేదు, వాళ్ళు ఫిలిప్పీ పత్రిక చదివినవాళ్ళు కాదు. నా పేచీ చదివినవాళ్ళతోనే.

మా అత్తయ్య కూతురు గచ్చిబౌలిలో టెస్టింగ్‌లో పనిచేస్తుంది. పోయినేడాది ఒక సంబంధం దాదాపు కుదిరింది. అబ్బాయి వాళ్ళు మూడు తరాల క్రైస్తవులు, ప్రార్థనతోనే మొదలెట్టారు మాటలు. కాఫీలయ్యాక పెద్దాయన అడిగాడు, "ఇంతకీ మీరు ఎట్నుంచి మారారండీ?" అని. మామయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. తర్వాత ఒక బంధువు వచ్చి మా మరదలికి ధైర్యం చెప్పాడు: "గతం మర్చిపోమ్మా, దేవుడు నీకు కొత్త కార్యం చేస్తాడు" అని. అదెంత అన్యాయమో చూడండి. ఆ అమ్మాయి చేతిలో పట్టుకున్నదేముంది, వదలడానికి? వదలాల్సింది కాఫీ తాగి వెళ్ళిన పెద్దాయన.

క్షమించమంటే క్షమిస్తుంది, క్షమించింది కూడా. నాకంటే ప్రార్థనాపరురాలు. కానీ క్షమించాలంటే జరిగింది జరిగిందని ముందు ఒప్పుకోవాలి కదా. మర్చిపొమ్మనడంలో ఆ ఒప్పుకోలు ఎగిరిపోతోంది.

ఈమధ్య అత్తయ్య పెళ్ళిసంబంధాల సైటులో ప్రొఫైల్ పెట్టమని నన్ను కూర్చోబెట్టింది. మతం క్రైస్తవం అని నొక్కగానే కింద ఇంకో గడి తెరుచుకుంది, కులం. ఖాళీగా వదిలెయ్యమంది అత్తయ్య. మరదలు ఒప్పుకోలేదు. "రాయి బావా, దాచడమెందుకు? పట్టింపు లేదని కూడా రాయి. చదివి వచ్చేవాళ్ళే రానీ" అంది. అలాగే రాశాను.

రెండు వారాల్లో ముగ్గురు ఫోన్ చేశారు. ఇద్దరు వివరాలు పూర్తిగా చూసుకోకుండా చేశామని పెట్టేశారు. మూడో వాళ్ళది రాజమండ్రి, అబ్బాయి కొండాపూర్లోనే ఉంటాడట. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వస్తామన్నారు. అత్తయ్య అప్పుడే కర్టెన్లు ఉతకడం మొదలెట్టింది.