ఆచే: అల తెచ్చిన సాయం... ఆగిన తుపాకి

ఇంటి డాబా మీద చేపల పడవ! ఇండోనేషియాలోని బండా ఆచే నగరంలో లంపులో పేటకు వెళ్తే కనిపించే వింత ఇది. 2004 డిసెంబరు 26న సునామీ ఎత్తుకొచ్చి పెట్టిన పడవ. దాన్లోకి ఎక్కే 59 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. అదే ఊళ్లో 2,600 టన్నుల కరెంటు ఓడ ఒకటి సముద్రానికి రెండు కిలోమీటర్లకు పైగా లోపల, ఇళ్ల మధ్య నిలిచి ఉంది. ఆచేలో 1,60,000 మందికి పైగా చనిపోవడమో గల్లంతవడమో జరిగింది.

ఆ నేలకు అంతకుముందే మరో గాయం ఉంది. తమ గ్యాస్ సొమ్మంతా జకార్తాకే పోతోందన్న ఆక్రోశంతో 1976లో స్వతంత్ర పోరు మొదలైంది. సైన్యానికీ తిరుగుబాటుదారులకూ మధ్య దాదాపు 30 ఏళ్లు సామాన్యులే నలిగిపోయారు. సునామీ నాటికి విదేశీయులకు అక్కడ ప్రవేశమే కష్టం. ఆ తర్వాత తలుపులు తెరవక తప్పలేదు. దేశదేశాల సాయం, దాంతోపాటే ప్రపంచం చూపూ వచ్చాయి. 2005 ఆగస్టు 15న హెల్సింకీలో ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది చివరికల్లా తిరుగుబాటుదారులు 840 ఆయుధాలు అప్పగించారు. మధ్యవర్తి మార్టి అహ్తిసారికి 2008లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది.

మరి సాయమే శాంతి తెచ్చిందా? అదొక్కటే కాదు. ఇరుపక్షాలూ అప్పటికే అలసిపోయాయి. చర్చల ప్రయత్నాలు సునామీకి ముందే మొదలయ్యాయి. అదే అల ముంచిన శ్రీలంకలో కథ అడ్డం తిరిగింది. సాయాన్ని కలిసి పంచుకుందామని ప్రభుత్వం, ఎల్‌టీటీఈ 2005 జూన్‌లో ఒప్పందం చేసుకుంటే, అదే కొత్త తగాదా అయింది. ప్రభుత్వం నుంచి ఓ భాగస్వామ్య పక్షం తప్పుకుంది. సుప్రీంకోర్టు కీలక అంశాలను నిలిపేసింది. 2006లో యుద్ధం మళ్లీ రాజుకుంది.

ఆచేలోనూ అన్నీ సజావుగా లేవు. తీరంలో దాదాపు 1,40,000 ఇళ్లు లేచాయి. పోరులో కాలిపోయిన లోపలి ఊళ్లకు అందింది మాత్రం అంతంతే. నిన్నటి తుపాకి వీరుల్లో కొందరు కాంట్రాక్టర్లయ్యారు, మామూలు సైనికులు ఖాళీ చేతులతో మిగిలారు. ఆ అసంతృప్తి ఉన్నా, పెద్ద యుద్ధం మాత్రం తిరిగి రాలేదు.

వెళ్లేవారు 2009లో తెరిచిన సునామీ మ్యూజియం, అలలను తట్టుకుని నిలిచిన బైతుర్రహ్మాన్ మసీదు తప్పక చూడాలి. ఇక్కడ షరియా చట్టం అమల్లో ఉంది కాబట్టి దుస్తుల విషయంలో జాగ్రత్త! దగ్గర్లోని బ్లాంగ్ పడాంగ్ మైదానంలో, ఆదుకున్న దేశాలకు ఆయా భాషల్లోనే ధన్యవాదాలు చెప్పే ఫలకాలు ఉన్నాయి. సాయంత్రాలు స్థానికులు వాటి పక్క నుంచే నడకకు వెళ్తుంటారు.