గ్రెనడాలో జోలపాట

ఇరవై ఏళ్ళుగా కాలేజీలో సంధులూ సమాసాలూ చెబుతున్న నాకు, సంధి అన్నది నోటిలో పుడుతుందే గాని పుస్తకంలో కాదని స్పెయిను దేశంలో ఒక బామ్మగారు నేర్పింది.

మా మేనల్లుడు గ్రెనడా పిల్లను పెళ్ళాడి అక్కడే కాపురముంటున్నాడు. కొడుకు పుట్టాడనగానే మా అక్కయ్య ప్రయాణం కట్టింది. "ఒరే, భాషలు చదువుకున్నవాడివి, నువ్వు తోడు రావాలి. వియ్యపురాలితో నాలుగు మాటలాడకుండా ఎట్లా వస్తాను?" అన్నది. నేను ఆర్నెల్లు వ్యాకరణం బట్టీపట్టి, క్రియారూపాలు గడగడ వల్లిస్తూ విమానమెక్కాను.

వాళ్ళ ఇల్లు అల్బయిసీన్ అనే గుట్టమీద. మహమ్మదీయ రాజుల కాలంనాటి పేట. గులకరాళ్ళు పరిచిన ఇరుకు సందులు, వెల్ల వేసిన గోడలు. కింద లోయలో దర్రో అనే చిన్న ఏరు. ఆవలి కొండమీద ఎర్రని అల్‌హంబ్రా కోట. దాని వెనక సియెర్రా నెవాదా పర్వతాలు. సాయంత్రమైతే సాన్ నికొలాస్ చర్చి ముందర ఎవరో గిటారు మీటుతూ కనిపిస్తారు.

అంతా బాగానే ఉంది గాని, వియ్యపురాలు నోరు విప్పితే నాకొక్క ముక్క బోధపడలేదు! అక్కడివారు మాట చివరి సకారాన్ని మింగేస్తారు. పైగా వాక్యమంతా ఒకే మాటలా దొర్లిపోతుంది. అక్కయ్య నా మొహం చూసేది. నేను నేలచూపులు చూసేవాణ్ణి. రెండు రోజులు బామ్మలిద్దరూ నవ్వులతోనే సరిపెట్టుకున్నారు.

కోడలు విదేశీయులకు స్పానిషు నేర్పే పంతులమ్మ. నా అవస్థ చూసి తన క్లాసుకు తీసుకుపోయింది. అక్కడ వ్యాకరణం ఊసే లేదు. ముందు కాగితం లేకుండా పాట వినాలి. రెండోసారి, మధ్యమధ్య మాటలు వదిలేసిన కాగితం మీద ఖాళీలు పూరించాలి. తరవాత చప్పట్లతో పాడాలి. చివరకు అవే మాటలను పాట లేకుండా పలకాలి. ఎందుకంటే రాగం కోసం పాట ఒక్కొక్కప్పుడు మాటలోని ఊనికను జరిపేస్తుందట.

చప్పట్లు కొడుతుంటే గుట్టు తెలిసింది. జానపదుల పాటల్లో పాదానికి సాధారణంగా ఎనిమిది అక్షరాలు. రెండు మాటల నడుమ అచ్చులు ఎదురుపడితే కలిసి ఒక్కటవుతాయి. 'లా', 'అబువేలా' కలిస్తే 'లాబువేలా', అంటే బామ్మ. మేన, అల్లుడు కలిసి మేనల్లుడైనట్టే! నేను విడివిడిగా వెతికిన మాటలన్నీ సంధిలో దాక్కున్నాయన్నమాట. ఇక రెండు రేఫలున్నాయి. తేలికది పలికితే 'కాని', గట్టిది పలికితే 'కుక్క'. మనం వదిలేసిన శకటరేఫం గుర్తుకొచ్చింది. అంతవరకూ నేను 'కాని' అనవలసిన చోటల్లా 'కుక్క' అంటున్నానట!

ఈ ఊరి దగ్గరే 1898లో పుట్టిన కవి లోర్కాకు పాటలంటే ప్రాణం. 1922లో అల్‌హంబ్రాలో జరిగిన జానపద గాన పోటీకి, సంగీతకర్త ఫాయాతో పాటు ఆయనా పూనుకున్నాడు. 1928లో జోలపాటల మీద ఉపన్యాసమే ఇచ్చాడు. 1936లో, అంతర్యుద్ధం మొదలైన కొత్తలో, ఆయనను కాల్చి చంపారు.

జోలపాటను అక్కడ 'నానా' అంటారు. ఒకనాటి రాత్రి పిల్లవాణ్ణి పడుకోబెడుతూ వియ్యపురాలు ఆ మాటే అంటే, "నాన్నా అంటున్నదిరా, మన తెలుగే!" అని అక్కయ్య పొంగిపోయింది. పాట మెల్లగా, మళ్ళీ మళ్ళీ సాగింది. నాకు ఒక్కొక్క మాటే విడివడింది: బిడ్డ, నిద్ర, చందమామ. అందుకుని పాడాను. ఆవిడ నా రేఫను రెండుసార్లు దిద్ది, మూడోసారి తలూపింది. వెంటనే అక్కయ్య మన జోల ఎత్తుకున్నది. ఆవిడ 'జో జో' అంటూ గొంతు కలిపింది. పిల్లవాడు ఏ భాషలో నిద్రపోయాడో గాని, ఆ రాత్రి ముగ్గురం చాలాసేపు మాట్లాడుకున్నాం, తప్పులతోనే.

ఇప్పుడు ఆదివారం ఆదివారం వియ్యపురాళ్ళిద్దరూ ఫోనులో పాటలు చెప్పుకుంటారు. దుబాసీ కావాలని నన్నెవరూ పిలవడం లేదు.