సఫారీకి ప్లాన్ వేస్తున్నా, ముందు ఆ నేల ఎవరిదో తెలుసుకుని



పాస్‌పోర్టు కూడా లేని హాస్టల్ పిల్లోడిని. అయినా టాంజానియా ప్లాన్ రాసి పెట్టుకున్నా. ప్లానుకి డబ్బులక్కర్లేదు కదా!

జూన్ నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు తక్కువ. గడ్డి ఎండిపోయి జంతువులు నీళ్ల దగ్గరికి చేరతాయి, బాగా కనిపిస్తాయి. అరూషా నుంచి గోరోంగోరో, సెరెంగెటి నాలుగైదు రోజులు. తర్వాత చిన్న విమానంలో జాంజిబార్ దీవికి, సముద్రం ఒడ్డున మూడు రోజులు. సఫారీ అంటే స్వాహిలీలో ప్రయాణమే.

ఇంతవరకు ఎవరైనా చెప్తారు. సెరెంగెటి అనే పేరు మాసాయిల మాట నుంచి వచ్చిందంటారు. ఆ మాసాయిలనే 1959లో పార్కు నుంచి బయటికి పంపి గోరోంగోరోలో ఉండమన్నారు. ఇప్పుడు అక్కడినుంచీ కదలమంటున్నారు. 2022లో లోలియోండోలో వాళ్ల పశువులు మేసే 1,500 చదరపు కిలోమీటర్లకి హద్దురాళ్లు పాతారు. పులుల పేరుతో నల్లమలలో మన చెంచు పెంటలు విన్న మాటే అది. మనకి 2006 అటవీ హక్కుల చట్టమైనా చేతిలో ఉంది.

అందుకే మాసాయి గైడ్‌నే పెట్టుకుంటా. డబ్బు ఎవరి చేతికి పోతుందో బుకింగ్‌కి ముందే అడుగుతా. అడగకుండా ఫోటో తియ్యను. అరకులో టూరిస్టుల ముందు ధింసా ఆడే మనోళ్లకి ఆ సంగతి వేరే చెప్పాలా?

మీరు ఎక్కడికి వెళ్లినా ఈ ప్రశ్నలు అడగండి.