బెండు మునిగితేనే చేపా?

కె.సి. కాలువకు నీళ్లొచ్చాయన్న కబురు కల్లూరులో రైతులతో పాటు ఇంకొందరి చెవిన కూడా వెంటనే పడుతుంది. గాలం వేసేవాళ్ల చెవిన! ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వానకే ఆకాశం వంక చూడాల్సిన సీమ మరి. నీళ్లున్న నాలుగు నెలలే వాళ్లకు పండగ.

హంద్రీకి ఒక ఒడ్డున కర్నూలు పాతబస్తీ, ఇంకో ఒడ్డున కల్లూరు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర బయల్దేరిన కాలువ ఇక్కడ హంద్రీని వంతెన మీదుగా దాటుతుంది. కింద నది, పైన కాలువ! (చాలా నెలలు కింద ఇసుకే అనుకోండి.) మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో దీన్ని తవ్వించింది పొలాలు తడపడానికే కాదు, పడవలు నడపడానికి కూడా. లాభాలు రాక 1882లో ప్రభుత్వానికి అమ్ముకుంది. పడవలు ఎప్పుడో పోయాయి. చేపలు మిగిలాయి.

గాలం వేయడానికి ఏం కావాలి? వెదురు కర్ర, తంగూసు, ముల్లు, చిన్న సీసపు గుండు, ఎర. వానపామైనా సరే, పిండిముద్దైనా సరే. వీటన్నిటికీ కన్నులాంటిది నీటి మీద తేలే బెండు. నీళ్లలో ఏం జరుగుతోందో గట్టు మీదున్న మనిషికి చెప్పేది అదొక్కటే.

జొన్నదంటు ఎండాక పైతొక్క ఒలిస్తే లోపల తెల్లగా, తేలిగ్గా ఉండేది బెండు. సీమ పిల్లలు దాంతో బండ్లు, కళ్లజోళ్లు చేసుకుంటారు. గాలానికీ కట్టొచ్చు గానీ కాసేపటికే నీరు పీల్చి బరువెక్కుతుంది. నెమలి ఈక కాడ అలా కాదు. లోపల గుల్ల, పైన నున్నన, ఎంతసేపైనా నిటారుగా నిలబడుతుంది. అయితే దానంతటది రాలిపడిన ఈకే వాడాలి. నెమలికి 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. ఈకల కోసం దాన్ని చంపితే జైలే. ఏదీ లేకపోతే అరిగిన హవాయి చెప్పు ముక్క ఉండనే ఉంది!

అసలు కిటుకంతా బెండులో లేదు. దాన్ని తంగూసుకు ఎలా తగిలించామన్నదాంట్లో ఉంది. ఎర ఎంత లోతుకు దిగాలో నిర్ణయించేది బెండు. కాలువలో ఆ లోతు నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు. పైన తలుపులు ఎత్తితే జానెడు పెరుగుతుంది, దించితే మూరెడు తగ్గుతుంది. గట్టి ముడేసి కూర్చుంటే ఎర నేలకు తగిలి బురదలో పడుంటుంది, లేదా చేప తిరిగేచోటికి చేరదు. ముడి విప్పి మళ్లీ వేద్దామంటే అక్కడ తంగూసు వంకర తిరిగిపోతుంది. తర్వాత పెద్దచేప లాగినప్పుడు తెగేదీ అక్కడే. రాత్రి కూర కాస్తా తుంగభద్ర పాలు!

అందుకే సైకిల్ వాల్వుట్యూబును అరంగుళం చొప్పున రెండు ముక్కలు కోస్తారు. ముందు వాటిని తంగూసుకు ఎక్కించి, తర్వాత ఈక కాడ పైకొసకు ఒకటి, కిందికొసకు ఒకటి తొడుగుతారు. ముడే అక్కర్లేదు. వేలితో నెడితే పైకీ కిందికీ జరుగుతుంది, చేప లాగితే జరగదు.

నదిలో మడుగుల దగ్గర ఈ కిటుకూ చాలదు. లోతు కర్ర పొడవును మించితే, చేపను లాగేటప్పుడు బెండు కర్ర కొసకు వచ్చి ఇరుక్కుంటుంది. రీలున్న కర్రలకైతే 'అడ్డు ముడి' వేస్తారు. జానెడు కుట్టుదారం తీసుకుని తంగూసు పక్కన ఆనించాలి. దాన్ని వెనక్కి మడిచి ఉచ్చు చేయాలి. ఒక కొసను ఆ ఉచ్చునీ తంగూసునీ కలిపి నాలుగైదు చుట్లు చుట్టి, ఉచ్చులోంచి బయటికి తీయాలి. రెండు కొసలూ లాగితే ముడి బిగుస్తుంది. దాని కింద ఒక పూస, పూస కింద బెండు. చుట్టేటప్పుడు బెండు జారి సీసం దగ్గరికి దిగిపోతుంది, నీళ్లలో పడగానే ముడి దాకా ఎక్కి ఆగుతుంది.

ముల్లుకు తంగూసు కట్టేటప్పుడు మాత్రం ఒక మాట ఉంది. "ఒరే అబ్బీ, ఎంగిలి తడి పెట్టి లాగు" అని పెద్దవాళ్లు కసురుకునేది ఊరికే కాదు. పొడి తంగూసును బిగిస్తే రాపిడికి వేడెక్కి బలం తగ్గుతుంది.

ట్రౌట్ చేపల కోసం ఈకలతో చేసిన దొంగపురుగును విసిరే విదేశీయులదీ ఇదే అవస్థ. వాళ్లు తంగూసుకు రంగుల ఊలుపోగో, స్పాంజి ముక్కో కడతారు. అదీ జరిగే ఉచ్చుతోనే. నీటి లోతుకు ఒకటిన్నర రెట్ల దూరంలో కట్టడం వాళ్ల లెక్క. ప్రవాహానికి దారం ఏటవాలుగా కొట్టుకుపోతుంది కదా! మన దేశంలో ఆ వేటకు నీలగిరి ఏళ్లున్నాయి. అక్కడికి ట్రౌట్‌ను తెచ్చింది ఆంగ్లేయులే. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసిన హెన్రీ సల్లివన్ థామస్ అయితే మన దేశపు గాలాల మీద 1873లోనే ఓ పుస్తకం రాశాడు.

"ఏంనా, పడినాయా?" అని అడిగితే కల్లూరు గట్టు మీద తల ఎవరూ తిప్పరు. చూపంతా బెండు మీదే. టకటకా చిన్నగా అదిరితే ఏదో చిన్నచేప ఎరను పొడుస్తోందని లెక్క. పక్కకు ఈడ్చుకుపోతే నోట కరుచుకుని నడుస్తోంది. కొత్తవాళ్లను మోసం చేసేది ఇంకోటుంది. బెండు మునగదు సరికదా, పైకి లేచి అడ్డంగా పడుకుంటుంది! అడుగున ఎర అందుకున్న చేప సీసంతో సహా పైకి లేచిందన్నమాట. మునిగేదాకా ఆగుదామనుకుంటే మిగిలేది ఖాళీ ముల్లే. అప్పుడే లాగాలి. అలాగని ఆ తొందరలో కాలు జారకూడదు. పాచి పట్టిన సిమెంటు గట్టు పట్టు దొరకనివ్వదు, కింద ప్రవాహం వేగం పైకి కనిపించదు. పిల్లలతో వెళ్లేవాళ్లు వాలుమీద కాకుండా పైన చదునుగా ఉన్నచోటే కూర్చుంటారు, కర్ర కాస్త పొడవైనది తీసుకుని.