రెండు చీటీల మందు

"సార్, ఇది గంజాయి లాంటిదా?"

గురజాల వైపు మిర్చి రైతు. నేను రాసిన చీటీతో నరసరావుపేటలో నాలుగు మెడికల్ షాపులు తిరిగి, ఉత్తచేతులతో మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. "నార్కోటిక్ చట్టంలో మందు, మేం పెట్టం" అన్నాడట ఒక షాపతను. అబద్ధమేం కాదు. నేను రాసిన మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి ఆ చట్టం జాబితాలో ఉంది. చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. అన్ని కాగితాలు చూస్తే ఏ తండ్రికైనా గుండె జారుతుంది.

పిల్లాడికి తొమ్మిదేళ్లు. మొదటిసారి వచ్చినప్పుడు మేం మాట్లాడుతుండగానే నా స్టెతస్కోప్ బిళ్ల ఊడదీసి, మళ్లీ బిగించాడు. సరిగ్గానే బిగించాడు. తల్లి సంచిలోంచి లెక్కల నోట్‌బుక్ తీసింది. మొదటి లెక్కలో తప్పులేదు. రెండోది సగం. మూడో లెక్క చోట కోటప్పకొండ తిరునాళ్ల ప్రభ బొమ్మ, బల్బులతో సహా.

ఒక్క టీచరు ఫిర్యాదుతో నేను ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస, కుదురు నిలవని సమస్య, అనను. లక్షణాలు బడిలోనూ ఇంట్లోనూ ఉండాలి, పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. ఒకసారి నేనే పొరబడ్డాను: మాచర్ల పాప ఒకతె పాఠం మధ్యలో శూన్యంలోకి చూస్తుందంటే పరధ్యానమనే అనుకున్నాను. ఈఈజీ తీయిస్తే, అవి క్షణాలపాటు వచ్చిపోయే మూర్ఛలు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నేనూ ఇంతే సార్. ఏడులో బడి మానేశా. పొలంలో ఎవరడిగారు?" అన్నాడు రైతు. భార్య అతని వంక చూసింది. ఆమె గారాబమే పిల్లాణ్ని చెడగొట్టిందని అత్తగారి మాట. ఇది ఎక్కువగా వంశంలో వచ్చేదమ్మా, నీ పెంపకం కాదు అని చెబితే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మొదటి నెల మందు రాయలేదు. ముందు బెంచీ, ఒక్కసారికి ఒక్క పని, సాయంత్రం ఆట. నోట్‌బుక్ మారలేదు. అప్పుడే రాశాను.

గంజాయి కాదని చెప్పాను. పొద్దున వేస్తే కొన్ని గంటల్లో దిగిపోతుంది, నప్పకపోతే ఆపేస్తాం. చివరికి గుంటూరులో దొరికింది.

మూడు నెలలకు మూడో లెక్క పూర్తయింది. అన్నం డబ్బా మాత్రం సగం అలాగే ఇంటికొస్తోంది, బరువు కిలో తగ్గింది. మోతాదు తగ్గించాం, కడుపునిండా టిఫిన్ తిన్నాకే బిళ్ల అన్నాం. ప్రభ ఇప్పుడు నోట్‌బుక్ చివరి పేజీకి మారింది.

మీరు పిల్లల్ని తీసుకొచ్చేటప్పుడు ప్రోగ్రెస్ కార్డు వద్దు. పాత నోట్‌బుక్కులు తీసుకురండి.