జ్వరానికి పేరు పెట్టే ముందు

వానలు పడ్డ దగ్గర్నుంచి సంక్రాంతి దాకా మా ఓపీకి వచ్చేవాళ్లలో జ్వరాలవాళ్లే ఎక్కువ. చాలామంది చేతిలో అప్పటికే ఒక కాగితం ఉంటుంది: 'టైఫాయిడ్ పాజిటివ్'. ఊళ్లో విడాల్ పరీక్ష చేయించుకుని, రోజూ ఇంజక్షన్లు వేయించుకుని, తగ్గక పట్నం వచ్చినవాళ్లు వీళ్లు.

అలా వచ్చిన ఒక నడివయసు మనిషి నాకు బాగా గుర్తు. పది రోజులుగా జ్వరం, తల పగిలిపోయే నొప్పి, పొడి దగ్గు. ఇంజక్షన్ల కోర్సు అయిపోయినా జ్వరం దిగలేదు. "ఏం పని చేస్తుంటావమ్మా?" అని అడిగాను. "చెరువు గట్టున గేదెలకి గడ్డి కోసుకొస్తాను బాబూ" అంది. నర్సును తోడు పెట్టుకుని ఒళ్లంతా చూస్తే, లంగా బొందు కట్టుకునే చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు, చుట్టూ ఎరుపు. నొప్పీ దురదా లేవు కాబట్టి ఆమె ఎవరికీ చెప్పలేదు. అది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లి జాతి పురుగు పిల్ల కుట్టిన చోటది. టైఫాయిడ్‌కి వేసే ఇంజక్షన్లు దీనిమీద పనిచేయవు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతినేవి. ఆ మచ్చ అందరికీ ఉండదు. లేనప్పుడు రక్తపరీక్ష చేయించాలి. కానీ చంకలు, గజ్జలు, నడుము చూడకుండా లేదనకూడదు.

విడాల్ పరీక్ష 1896 నాటిది. అది క్రిమిని చూపించదు, మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూపిస్తుంది. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్ల కూడా పాజిటివ్ రావచ్చు, మలేరియాలోనూ రావచ్చు. నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లకి మొదటి వారంలో నెగటివ్ రావచ్చు. నమ్మదగ్గది బ్లడ్ కల్చర్. అదీ యాంటీబయాటిక్ పడకముందు రక్తం తీస్తేనే.

మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని 1897లో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. అయినా రోజు విడిచి రోజు చలితో వస్తేనే మలేరియా అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ప్రమాదకరమైన ఫాల్సిపారమ్ రకం ఆ లెక్క పాటించదు. అందుకే మలేరియా ఎక్కువగా ఉండే పాడేరు, అరకు మన్యం వైపు వెళ్లొచ్చారా అని తప్పకుండా అడుగుతాను.

డెంగ్యూ తీరు వేరు. ఒక డిగ్రీ కుర్రాడికి ఐదో రోజు జ్వరం తగ్గింది, ఇంట్లోవాళ్లు కుదుటపడ్డారు. ఆ సాయంత్రమే కడుపునొప్పి, ఆగని వాంతులు; చేతులూ కాళ్లూ చల్లబడ్డాయి. "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి సార్?" అన్నదే తండ్రి ఆదుర్దా. నేను చూసింది బీపీ, మూత్రం, రక్తం చిక్కదనం. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోవడమే డెంగ్యూలో ఎక్కువగా ప్రాణం మీదికి తెస్తుంది. వేళకి తెచ్చారు కాబట్టి కొలిచి సెలైన్ ఎక్కించి బతికించుకోగలిగాం.

జ్వరమొస్తే పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకండి. డాక్టరు దగ్గరికి రిపోర్టుల కవరు ఒక్కటే పట్టుకెళ్లకండి. ఎక్కడ తిరిగారో, ఏ పని చేస్తారో, ఏ మందులు పడ్డాయో చెప్పండి. ఒంటిమీద నల్ల మచ్చ ఉంటే, ఎక్కడున్నా సరే, సిగ్గుపడకుండా చూపించండి. డాక్టరు అడగకపోయినా చెప్పండి.